ఏడు తరాల గాజు

మా నాన్నది మగ్గం. మా తాతదీ మగ్గమే. తాత వాళ్ళ నాన్న హిందూపురం పక్క పల్లె విడిచి దొడ్డబళ్ళాపురం చేరిందీ మగ్గం పని కోసమే. ఈ సంగతి మొదటే చెప్పి పెట్టుకుంటున్నాను. ఎందుకంటే 2022 డిసెంబరులో ఒక తెలుగు చానల్ కెమెరా ముందు పట్టు లాల్చీ వేసుకు కూచుని, "మాది ఏడు తరాలుగా గాజు పనిలో ఉన్న కుటుంబమండీ" అని ఎక్కడా తడుముకోకుండా చెప్పింది నేనే.

అలా చెప్పమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. "ఈ విద్య మీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది సార్?" అని మాత్రమే అడిగింది యాంకరమ్మాయి. నిజం చెప్పడం ఎంతసేపు? మగ్గాలు గిట్టుబాటు కాక నాన్న వాటిని పాత ఇనుము కింద అమ్మేశాక, గాజు దీపాల వ్యాపారం పెడదామని నేను ఫిరోజాబాద్ వెళ్ళాను. సరుకు కట్టించుకుని తిరుగు రైలెక్కాల్సినవాణ్ణి, ఒక కొలిమి ముందు నిలబడిపోయాను. ఒకాయన ఊదుగొట్టం చివర ఎర్రటి ముద్దని తిప్పుతూ, పక్కవాడికి తన ఇంటి గొడవలేవో చెప్పుకుంటూ, దానివంక సరిగా చూడకుండానే దాన్ని దీపం బుడ్డీగా మార్చేస్తున్నాడు. తర్వాత తర్వాత ఆయన్నే బతిమాలి మా ఊరు తెచ్చుకున్నాను. మా షెడ్డులో ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. గొట్టం పట్టడం, తిప్పడం, అన్నిటికన్నా కష్టమైన పని అంటే తిప్పడం ఆపకుండా ఉండడం, నాకు నేర్పింది ఆయనే. కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు మూడడుగుల దూరంలో గొట్టాలు తుడుస్తూ నిలబడే ఉంది. నేను అటు చూడలేదు.

ఐక్యరాజ్యసమితి 2022ని అంతర్జాతీయ గాజు సంవత్సరంగా ప్రకటించిందన్న సంగతి నాకు చానల్ వాళ్ళ ఫోన్ వచ్చాకే తెలిసింది. అప్పటికి సంవత్సరం అయిపోవస్తోంది. పాపం వాళ్ళకీ ఆలస్యంగానే గుర్తొచ్చినట్టుంది. ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడి మీద కార్యక్రమం తీయడానికి ఎలాగూ ఇటు వస్తున్నారు, దారిలో గాజు కళాకారుడొకడు దొరికితే డిసెంబరు దాటకుండా ఆ ముచ్చటా తీరిపోతుందని వాళ్ళ లెక్క. "కళాకారుడు" అన్న మాట ఫోన్లో రెండుసార్లు వినబడింది. అప్పటిదాకా నన్ను బ్యాంకువాళ్ళు తప్ప ఎవరూ అంత మర్యాదగా పిలవలేదు. వాళ్ళు కూడా అప్పు ఇవ్వకముందే పిలిచారు.

ఇక ఏర్పాట్లు. కొలిమి వెనక ఉన్న మసిగోడకి సున్నం కొట్టించాను. కమర్షియల్ గ్యాస్ సిలిండర్లు చూడ్డానికి హోటలు వంటగదిలా ఉన్నాయని వాటిమీద గోనెసంచులు కప్పించాను. సిలిండర్లో ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరి కావడానికి బయటి గాలిలోని వేడే కావాలి. ఎక్కువ లాగితే డిసెంబరు పొద్దున సిలిండరు కిందిభాగం మంచు పడుతుంది. వెయ్యి డిగ్రీల కొలిమికి పది గజాల దూరంలో చెయ్యి పెడితే జివ్వుమంటుంది. అలాంటిదానికి దుప్పటి కప్పితే ఒత్తిడి పడిపోతుందని నాకు తెలుసు. తెలిసీ కప్పించాను. ఉస్తాద్ ఒక్క మాటైనా అనకుండా వాటిని తీసి, మడిచి, నేను కూర్చోబోయే కుర్చీ కింద పెట్టాడు.

"ఆ లాల్చీతో కొలిమి దగ్గరికి పోతారా ఏమండీ?" అంది మా ఆవిడ.

"పట్టు అంత తేలిగ్గా అంటుకోదే, నైలాన్ అయితే భయం గానీ," అన్నాను, మగ్గాలింటి బిడ్డనని ఆ ఒక్కసారి గుర్తు తెచ్చుకుని.

వాళ్ళు ఘాటి నుంచే నేరుగా వచ్చారు, నుదుట కుంకుమతో. అక్కడ ఒకే రాతిలో తూర్పుముఖంగా సుబ్రహ్మణ్యుడు, వెనకవైపు నరసింహస్వామి ఉంటారు. వెనకున్న స్వామిని చూడ్డానికి గర్భగుడిలో పెద్ద అద్దం పెట్టారు. ఆ అమ్మాయికి ఆ అద్దం మీద గురి కుదిరింది. "దేవుడే గాజులో దర్శనమిస్తున్న చోట, గాజునే దైవంగా కొలిచే వంశం" అని కారులో వస్తూ వస్తూనే రాసుకుందట. కాగితం మీద వంశం రెడీగా ఉంది. నేను దాంట్లోకి ఎక్కి కూర్చోవడమే తరువాయి.

ఎక్కి కూర్చున్నాను సరే, వంశమన్నాక ఊరొకటి ఉండాలి కదా. "మీ పూర్వీకులది ఏ ఊరు సార్?" అని రెండో ప్రశ్న వచ్చింది. నా కళ్ళు గోడమీది పూసల దండ మీద పడ్డాయి. శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు దారి తప్పించుకుని మరీ వెళ్ళి కొనుక్కొచ్చిన దండ అది. "పాపానాయుడుపేట," అన్నాను.

నిజానికి ఆ ఊరి ముందు నా ఏడు తరాలు ఏ మూలకి? తిరుపతి జిల్లాలో ఏర్పేడు పక్కనుంటుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన సంగతి చరిత్ర పుస్తకాల్లో అందరూ చదివే ఉంటారు. అక్కడ రోమన్ కుండపెంకులతో పాటు ఆవగింజకి కాస్త పెద్దవిగా ఉండే ఒంటిరంగు గాజు పూసలూ దొరికాయి. అలాంటివే ఆగ్నేయాసియా అంతటా, అటు ఆఫ్రికా తీరంలోనూ దొరుకుతాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ జీవితమంతా పూసల వెంటే తిరిగాడు. వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టింది ఆయనే. ఆ పాత పద్ధతి ఇంకా బతికున్నది పాపానాయుడుపేటలోనని, అది అరికమేడు నుంచి వచ్చిన విద్యేనని ఆయన వాదించాడు.

ఆ పద్ధతి తెలిసినవాడెవడూ నేను తర్వాత చేసిన పని చేయడు. అక్కడ పూసని ఒక్కొక్కటిగా చేయరు. పొడవాటి బోలు ఇనప గొట్టం చివర పెద్ద గాజు ముద్ద పట్టించి, దాన్ని దొర్లించి శంకువులా చేసి, గొట్టంలోంచి కమ్మీ దూర్చి లోపల దారి చేస్తారు. దాన్ని కొలిమిలో పెట్టి, ముద్ద మొనకి కొక్కెం తగిలించి లాగితే సన్నటి గాజు గొట్టం సాగి వస్తుంది. అక్కణ్ణించి చేత్తో లాగడమే, గంటల తరబడి. ఒకే మందంలో, తెగకుండా. ఆ గొట్టాన్ని ముక్కలు కొట్టి, బెజ్జాలు పూడిపోకుండా బూడిద పట్టించి, మళ్ళీ వేడిచేస్తూ కలియబెడితే అంచులు గుండ్రబడి పూసలవుతాయి. నాకీ సంగతంతా తెలుసు. కనీసం తెలుసునని నోరు మూసుకున్నా సరిపోయేది.

"అయితే ఒక పూస చేసి చూపిస్తారా?" అంది.

నాకు వచ్చింది బర్నర్ మంట ముందు కూర్చుని సన్న కమ్మీ మీద గాజు చుట్టడం. వెనిస్ వాళ్ళు, ఇంకా ఎందరో చేసే పని. దీనికీ పాపానాయుడుపేటకీ ఏ సంబంధమూ లేదు. అయినా బర్నర్ వెలిగించాను. అప్పుడు కెమెరామాన్ నా కళ్ళద్దాలు తీసేయమన్నాడు: "కళ్ళు కనబడాలి సార్, ఎమోషన్ అంతా కళ్ళలోనే." అవి డిడీమియం అద్దాలు. గాజులో సోడా ఉంటుంది. మంట తగలగానే అది పసుపుపచ్చగా భగ్గుమని మెరుస్తుంది. ఆ ఒక్క పసుపుని మింగేసే అద్దాలు లేకపోతే మంట తప్ప మంటలో ఉన్న గాజు కనబడదు. తీసేశాను. ఎదురుగా పసుపు గోడ. ఎక్కడ చుడుతున్నానో తెలీదు. ఎమోషన్ మాత్రం బాగానే పండి ఉంటుంది, రెండు కళ్ళవెంటా నీళ్ళు. చివరికి తయారైన వంకరటింకర పూసని చూసి "చాలా సహజంగా ఉంది" అంది ఆ అమ్మాయి.

ఇంతవరకు చేసిన తప్పులకి పరువు తప్ప ఖర్చేమీ లేదు. తర్వాతది అలా కాదు.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు వచ్చినప్పటి నుంచీ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. దొడ్డబళ్ళాపురంలో ఏ వీధికి వెళ్ళినా గోడ అవతల మరమగ్గం ఆడుతూంటుంది. ఇక్కడ పుట్టినవాళ్ళం దాన్ని వినం. అది ఆగితేనే వింటాం. "సార్, ఆ టకటక ఎవరైనా ఆపగలరా? ఇంటర్వ్యూ అయ్యేదాకా." "ఎంతసేపు, ఇప్పుడే ఆపిస్తా" అని లేచాను. ఏడు తరాల పెద్దమనిషిని కదా, ఊరు నా మాట వినాలి.

పక్కింట్లో ఆవిడ మగ్గం మీద తెగిన పోగు ముడేస్తూ నా లాల్చీని ఎగాదిగా చూసింది. మా వీధిలో బయట కన్నడం, ఇంట్లో తెలుగు.

"ఏమప్పా, పెండ్లికి పోతున్నావా?"

"లేదక్కా, టీవీ వాళ్ళొచ్చినారు. అరగంట మగ్గాలు ఆపితే..."

"చీరకింతని కూలి ఇస్తారు మాకు. అరగంట ఆపితే టీవీ వాళ్ళిస్తారా, నువ్విస్తావా? మగ్గాలింట్లో పుట్టి నువ్వే ఇట్లా అడిగితే ఇంక బయటోళ్ళననేదేముంది?"

తోక ముడుచుకుని వచ్చాను. వచ్చినవాణ్ణి ఊరుకోకుండా, నా చేతిలో ఉన్న శబ్దమైనా ఆపుదామని షెడ్డు కుర్రాణ్ణి పిలిచి, "షూటింగ్ అయ్యేదాకా జనరేటర్ ముట్టుకోవద్దు, కరెంటు పోయినా సరే" అని చెప్పాను. ఉస్తాద్‌ని కూడా, ఫ్రేములో అడ్డొస్తున్నాడని కెమెరామాన్ సైగ చేస్తే, "జరా చాయ్ పీకే ఆయియే" అని రోడ్డు మీది టీ బంకుకి పంపేశాను.

కాసేపటికి కరెంటు పోయింది.

వీధి వీధంతా ఒక్కసారిగా మగ్గాలాగాయి. హెడ్‌ఫోన్ల కుర్రాడు మొహం వెలిగిపోయి బొటనవేలు పైకెత్తాడు. వాళ్ళ లైట్లు బ్యాటరీలవి. నేను మొదలుపెట్టాను. మొదటి తరం, రెండో తరం. విజయనగర రాజులు వచ్చారు. టిప్పు సుల్తాన్ వచ్చే ప్రయత్నంలో ఉన్నాడు. నా మాట నాకే ఎంత స్పష్టంగా వినిపిస్తోందంటే, "చూశారా ఈ ప్రశాంతత! గాజు పని ఒక ధ్యానం" అని కూడా కెమెరాతో అన్నాను.

కొలిమికి గాలి అందించేది బ్లోయరు. కరెంటు పోతే బ్లోయరు ఆగుతుంది, బ్లోయరు ఆగితే గ్యాస్ వాల్వు దానంతటదే మూసుకుంటుంది, మంట ఆరిపోతుంది. లోపల మూసలో కరిగి ఉన్న గాజు వేడి తగ్గుతూ చిక్కబడుతుంది. కొలిమి వెలిగించామంటే నెలల తరబడి రాత్రీ పగలూ ఆర్పకూడదు. చల్లారిస్తే మూస పగులుతుంది. అందుకే ఆ హోరు ఆగితే అర్ధరాత్రి గాఢనిద్రలో ఉన్నా దిగ్గున లేచి కూర్చునే అలవాటు నాది. మా ఆవిడ దానికి సాక్షి. అలాంటివాణ్ణి, కొలిమికి వీపు పెట్టి కూచుని, అది ఆగిపోయిన నిశ్శబ్దాన్ని ధ్యానమని పొగుడుతున్నాను.

ఉస్తాద్ టీ గ్లాసు చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి కొలిమి కనబడనక్కర్లేదు, మగ్గాలాగడం వినబడితే చాలు. జనరేటర్ తిప్పించి, బ్లోయరుని కాసేపు ఉత్తినే ఆడించి లోపల నిలిచిన గ్యాస్ ఏమైనా ఉంటే బయటికి తోలేసి, అప్పుడు వెలిగించాడు. 1100 చూపించాల్సిన మీటరు 930లో ఉంది. కెమెరా తిరుగుతూనే ఉందని చూసుకోకుండా నా వైపు తిరిగి, "సాబ్, సో రహే థే క్యా?" అన్నాడు, నిద్రపోతున్నారా అని. ఆ ముక్కని వాళ్ళు తర్వాత కోసేశారు. మొత్తం కార్యక్రమంలో ఉంచదగ్గ మాట అదొక్కటే.

మీటరు మళ్ళీ ఎక్కేదాకా ఆగాలి. వాళ్ళకి తొందర. చీకటి పడేలోపు బెంగళూరు చేరాలట. యలహంక ట్రాఫిక్ సంగతి మీకు తెలియంది కాదు. "ఉన్నదాంతో కానిచ్చేద్దాం సార్" అన్నారు. కానిచ్చాను, అదీ ఒంటరిగా.

గాజు ఊదడం ఒంటరిపని కాదు. ఒకరు బల్ల మీద కూచుని తిప్పుతూ మలుస్తుంటే ఇంకొకరు గొట్టం రెండో చివర ఊదాలి, కొలిమి తలుపు తీయాలి, మూతి తెరిచే వేళకి కొత్త కమ్మీకి చిన్న గాజు బొట్టు పట్టించి అడుగున అతికించాలి. అమెరికాలో 1962లో టోలెడో మ్యూజియం ఆవరణలో హార్వీ లిటిల్టన్, డొమినిక్ లాబినో వర్క్‌షాపు పెట్టారు. ఫ్యాక్టరీ అక్కర్లేకుండా కళాకారుడే ఒక చిన్న కొలిమితో గాజు పని చేసుకోవచ్చని నిరూపించడం వాళ్ళ ఉద్దేశం. ఇవాళ స్టూడియో గాజు అంటున్నదానికి అమెరికాలో అక్కడే బీజం పడింది. అంతటి చోట కూడా అసలు ఎలా ఊదాలో చూపించడానికి హార్వీ లీఫ్‌గ్రీన్ అనే ఆయన రావలసి వచ్చింది. లిబ్బీ గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పేరుమోసిన గాజు కళాకారుడు డేల్ చిహులీ సంగతి చూడండి. 1976లో కారు ప్రమాదంలో ఒక కన్ను పోయింది, తర్వాత భుజం జారింది, గొట్టం పట్టడం మానేశాడు. ఆయన మీద తీసిన సినిమాల్లో పక్కన నిలబడి చెబుతుంటే బృందం చేస్తూ ఉండడమే కనిపిస్తుంది. ఆయనేమీ దాచుకోడు. దాచుకోవలసినంత గొప్పవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను.

ఉస్తాద్ మళ్ళీ ఫ్రేము బయటికి వెళ్ళాడు. నేను గొట్టం ముంచి తీశాను. ముద్ద బరువుగా, మొండిగా వచ్చింది. దాన్ని గుండ్రం చేయడానికి మేం వాడే పనిముట్టు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది: పాత దినపత్రిక. ఐదారు పేజీలు అరచెయ్యంత వెడల్పున మందంగా మడిచి, బక్కెట్టు నీళ్ళలో నానబెట్టి, అరచేతిలో పెట్టుకుంటాం. దాని మీద వెయ్యి డిగ్రీల గాజు తిరుగుతుంటే తడికి, గాజుకి మధ్య సన్నటి ఆవిరి పొర నిలుస్తుంది. చుయ్‌మని చప్పుడు, కాలిన కాగితం కమురు వాసన. వేలికీ నిప్పుకీ మధ్య ఉన్నది నిన్నటి వార్తలే. అంత దగ్గరగా గాజు గుండ్రబడడం అరచేతికి తెలుస్తుంది. ప్రపంచంలో చాలా గాజు షెడ్లలో ఆ ఊరి పేపరు తడిసి కాలుతూ ఉంటుంది.

"కట్, కట్!" అన్నాడు కెమెరామాన్. మడతమీద పత్రిక పేరు కనబడుతోందట. అది వాళ్ళ చానల్‌కి పోటీ సంస్థది.

తిరగేసి పెట్టుకుంటే పోయేది. కానీ ఆ అమ్మాయి కారులోంచి తమ సంస్థ వాళ్ళ వారపత్రిక తెచ్చిచ్చింది, నున్నటి రంగుల కాగితం. ఆ కాగితం నీళ్ళు పీల్చదు. మెరుగుపూత వేడికి కరిగి అంటుకుంటుంది. పనిలో చేరిన మొదటి వారంలోనే ఉస్తాద్ నాకు చెప్పిన విషయమిది. నేను నవ్వుతూ అందుకుని మడిచి, ముంచి, పెట్టుకున్నాను. ఒక సినిమా తార నవ్వు మీదుగా గాజు ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి తార లేదు, నా అరచెయ్యి ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు అక్షరాలా తెలిసింది. మా ఆవిడ పెరట్లోంచి కలబంద మట్ట విరిచి తెచ్చింది. గొట్టం నేలమీద పడేశాను. గాజు జారి సిమెంటు మీద పరుచుకుని చిటపటమని పగులుతుంటే దాన్ని కూడా తీసుకున్నారు. బాగుందట.

ఇంతా అయ్యాక కూడా ఆగాను కాను. "చివర్లో మేడమ్ చేతిలో ఒక ఫినిష్డ్ పీస్ ఉంటే బాగుంటుంది" అన్నారు. నా దగ్గర సిద్ధంగా ఉన్నవి చిన్న చిన్నవి. ఆ తెల్లవారుజామున ఉస్తాద్ చేసిన మందపాటి పెద్ద పాత్ర మాత్రం ఇంకా ఆనీలర్లో ఉంది. చేసిన వస్తువుని 490 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపి, అక్కణ్ణుంచి మెల్లమెల్లగా దించే పెట్టె అది. మందం ఉన్నకొద్దీ నిదానించాలి. పైపొర ముందు చల్లారి బిగుసుకుపోతే లోపలి పొర తర్వాత ముడుచుకుంటూ దాన్ని లాగుతుంది. ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది. మర్నాటి పొద్దునదాకా దాన్ని ముట్టుకోకూడదు. పైగా కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె కూడా ఆగింది. ఉస్తాద్ కొలిమి దగ్గర ఉన్నాడు. కాలని చేతికి గ్లోవు తొడుక్కుని, పెట్టె తెరిచి, పాత్ర బయటికి తీసి, పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఫ్యాను గాలి పెట్టాను.

బల్లమీద పెట్టారు. వెనక ఏదైనా వెలుగుంటే బాగుంటుందని నా పాత ఫోటోలు చూడ్డానికి తెరిచిన ల్యాప్‌టాప్ తెల్లటి తెరని పాత్ర వెనక నిలబెట్టాడు కెమెరామాన్. తళుకు తగ్గడానికి లెన్స్ మీద పోలరైజర్ బిగించి తిప్పాడు. తిప్పుతుండగానే "అబ్బ!" అన్నాడు. అందరూ మానిటర్ చుట్టూ మూగారు. రంగులేని గాజులో రంగులు లేచాయి. అంచు దగ్గర నీలం, లోపలికి పసుపు, అడుగున మందం ఉన్న చోట ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని. పోలరైజర్ కాస్త తిప్పితే అవీ మారుతున్నాయి.

"ఇదేం టెక్నిక్ సార్? ఏడు తరాల రహస్యమా?"

ల్యాప్‌టాప్ తెర నుంచి వచ్చే వెలుతురు ఒకే దిశలో కంపించే వెలుతురు. దానికీ పోలరైజర్‌కీ మధ్య ఒత్తిడిలో ఉన్న గాజు పెడితే ఆ ఒత్తిడి రంగులుగా కనబడుతుంది. పోలరైజర్‌ని తెర వెలుతురుకి అడ్డంగా తిప్పితే ఒత్తిడి లేనిచోట చీకటి. గాజు బాగా చల్లారిందో లేదో చూసుకోవడానికి మేము కూడా సరిగ్గా ఇలాగే చూస్తాం. పట్టీలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత ప్రమాదం. ఆ తెర మీద కనబడుతున్నది కళ కాదు, ఎక్కడ పగలబోతోందో చూపించే పటం. అది చదవడం వచ్చినవాళ్ళు ఆ గదిలో ఇద్దరమే. ఉస్తాద్ కొలిమి దగ్గర్నుంచి తలతిప్పి మానిటర్ చూశాడు, నన్ను చూశాడు.

"చల్లార్చడంలో ఒక చిన్న మెళకువండీ," అన్నాను.

ఆ అమ్మాయి మురిసిపోతూ పాత్ర మీదికి చేయి చాచింది. ఉస్తాద్ మధ్యలోకి వచ్చి, ఆమె మణికట్టు దగ్గర తన గమ్ఛా తువ్వాలు అడ్డుపెట్టి వెనక్కి నెట్టాడు. అది ఫ్రేమంతా పాడుచేసిందని కెమెరామాన్ కసురుకునేలోపే టింగుమంది. పెద్ద చప్పుడేమీ కాదు. పాత్ర అడుగునుంచి అంచుదాకా ఒక గీత పాకి, రెండు చెక్కలై అటొకటి ఇటొకటి ఒరిగాయి. తెర మీద రంగులు చాలాభాగం ఆరిపోయాయి, ఒత్తిడి తీరిపోయింది కనుక. దానిలో కూడా ఒక శాస్త్రముందని చెప్పబోయాను గానీ ఎవరూ వినే స్థితిలో లేరు.

ఆదివారం మధ్యాహ్నం వేశారు, నాలుగు నిమిషాలు. ఉస్తాద్ వీపు ఒకచోట కనబడింది. రంగుల పట్టీలు బ్రహ్మాండంగా వచ్చాయి, "తరతరాల గాజు రహస్యం" అని కింద అక్షరాలతో. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే కూచుని చూసిన ఉస్తాద్ ఒకచోట తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకో చూస్తే, నేను తరాలు లెక్కపెడుతున్నంతసేపూ నా భుజం మీదుగా కనబడుతున్న కొలిమి నోరు నారింజ రంగు నుంచి ఎరుపుకి, ఎరుపులో ఇంకా కిందికి దిగిపోతోంది. తెలిసినవాడికి అదొక మీటరు. మూడో తరానికే నా కొలిమి వెయ్యికి దిగువకి పడిపోయి ఉంటుందని ఆయన అంచనా.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. "ఏడు తరాల సంగతి మీ నాయినకి ఎవరూ చెప్పలేదేమో పాపం, అప్పు చేసి మగ్గాలు కొన్నాడు," అని లేచిపోయింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మగ్గాలు బాగానే ఆపినావే," అంది. కరెంటు పోయిందని ఆమెకి తెలుసు.

రెండ్రోజులకి తెలియని నంబరు నుంచి ఫోన్.

"టీవీలో మా ఊరని చెప్పింది నువ్వేనా?" పెద్దాయన గొంతు.

"పాపానాయుడుపేటా అండీ?"

"ఆ. ఎవురింటోళ్ళు మీరు? ఇంటిపేరేంది?"

చెప్పాను.

"ఆ ఇంటిపేరోళ్ళు మా ఊళ్ళో లేరే."

కాసేపు నసిగి, మాది దొడ్డబళ్ళాపురమని, మగ్గాలోళ్ళమని, దండ మాత్రం వాళ్ళ ఊళ్ళోనే కొన్నానని చెప్పేశాను. తిడతాడని చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను.

"అట్ట చెప్పు మరి. నువ్వు పూసని చుడతా ఉంటేనే అనుకుంటి, ఈడు మావోడు కాడని. మేం చుట్టం నాయనా, లాగతాం." కోపం లేదు గొంతులో. "అది సరే గానీ, ఆ మంటకి గ్యాసెంత పడతాది నీకు?"

పంతొమ్మిది కిలోల సిలిండరు ఎన్నాళ్ళు వస్తుందో, ఎంతవుతుందో చెప్పాను. "అమ్మో" అన్నాడు. కట్టెల కొలిమి రోజుల గురించి ఆయన, బ్లోయరు గురించి నేను, చాలాసేపే మాట్లాడుకున్నాం. వంకర పూస గురించి కూడా అడిగాడు. అద్దాలు తీసేశానని చెబితే, "కండ్లు కనపడకుండా ఎవుడన్నా మంటకాడ కూచుంటాడా?" అన్నాడు. పెట్టేసేముందు ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"టీవీవోళ్ళు దుడ్లేమన్నా ఇచ్చినారా?"

"లేదండీ. టిఫిన్లు కూడా మేమే పెట్టాం."

"మరెందుకు చెప్పినావు నాయనా అట్ట?"

"ఇడ్లీలు మాత్రం బాగా తిన్నారండీ," అన్నాను.